ఉప్పునీళ్ల ఊళ్లో ఉతికిన చొక్కా

పోస్టు పొడుగ్గా ఉంటది, తీరిక చూసుకుని చదవండి. మా గదిలో నలుగురం కూర్చుని మాట్లాడుకున్న మాటలే ఇవి. ఒకళ్లం టైప్ చేస్తున్నాం, మిగతా ముగ్గురు పక్కనుంచి దిద్దుతున్నారు. అందుకే "నేను" అని కాకుండా "మేం" అని రాస్తున్నాం.

మేం ఓడలరేవులో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఇద్దరం చింతూరు వైపు కోయోళ్లం, ఒకడు మారేడుమిల్లి కొండల మీది కొండరెడ్డి, ఇంకొకడిది పాడేరు దగ్గర పల్లె. మా నాలుగిళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఓడలరేవు తెలియనోళ్లకి చెప్తాం. కోనసీమలో అల్లవరం మండలం, వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే చోటు. ఒక పక్క ఏరు, ఒక పక్క సముద్రం, మధ్యలో కొబ్బరి చెట్లు, రొయ్యల చెరువులు, ఓఎన్‌జీసీ టెర్మినల్. ఎటు చూసినా నీళ్లే. కానీ చొక్కా ఉతుక్కోడానికి పనికొచ్చే నీళ్లు తక్కువ. ఈ మాట మాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది.

మొదటి సంవత్సరంలో మా బట్టలన్నీ ఏదో జబ్బు చేసినట్టు అయిపోయినయి. బోరు నీళ్లలో సబ్బు రుద్దితే నురగ రాదు, పెరుగు విరిగినట్టు తెల్లటి ముద్ద తేలుద్ది. ఆరాక చొక్కా అట్టలా బిగుసుకుపోద్ది. నాలుగు ఉతుకులకి రంగు మాసి, మెడ దగ్గర పసుపు చార పడుద్ది. మా ఊళ్లో వాగు నీళ్లకి చిన్న సబ్బు ముక్కతో మూడు చొక్కాలు ఉతికేవాళ్లం. ఇక్కడ సబ్బు బిళ్ల అయిపోతది కానీ మురికి పోదు. సబ్బులో లోపం ఉందనుకున్నాం. తర్వాత మాకే చేతకాలేదనుకున్నాం. మాలో ఒకడు క్లాసులో సెమినార్ చెప్పాల్సిన రోజు జ్వరమని గదిలోనే పడుకున్నాడు. జ్వరం లేదు. చొక్కా వాసనొస్తోందని వెళ్లలేదు. ఆ సంగతి మాకు కూడా ఆర్నెల్ల తర్వాత చెప్పాడు.

అసలు సంగతి 2024 వానాకాలంలో మొదలైంది. ఆదివారాలు బీచ్ ఇసకలో ఊరి పిల్లలతో క్రికెట్ ఆడేవాళ్లం. అందులో తొమ్మిదో తరగతి పిల్లాడు ఒకడు, ఎడంచేత్తో బౌలింగ్ వేసేవాడు. కొన్ని వారాలు కనపడలేదు. మిగతా పిల్లల్ని అడిగితే "ఆడు బళ్లోకి కూడా రావట్లేదు అన్నయ్యా" అన్నారు. ఎందుకురా అంటే ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వారు. ఒకడు ముక్కు మూసుకుని చూపించాడు. ప్రేయర్‌లో లైన్లో నిలబడితే వాడి వెనకాల నిలబడనన్నారంట.

ఆ ముక్కు మూసుకోవడం చూసి మాకు నోట మాట రాలేదు. ఎందుకో తర్వాత చెప్తాం.

ఇంటికెళ్లాం. వాళ్లమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి మూడేళ్లు. కోనసీమలో ఇది కొత్త కాదు, చాలా ఇళ్లలో తల్లులు గల్ఫ్‌లో ఉంటారు. నాన్న వేటకి పోతే రెండు మూడు రోజులు రాడు. ఇంట్లో మామ్మ, ఈ పిల్లాడు, ఒక చెల్లి. మేం వెళ్లేసరికి వాడు గుమ్మంలోంచి లోపలికి పోయాడు, బయటికి రాలేదు.

అప్పుడు మేం చేసిన పని చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది, అయినా చెప్పాలి. నలుగురం తలా కొంత వేసుకుని అమలాపురంలో కొత్త చొక్కా కొన్నాం. వచ్చే ఆదివారం బీచ్‌కి పిలిపించి, పిల్లలందరి ముందు ఇచ్చాం. ఫోటో కూడా తీశాం. వాడు తీసుకున్నాడు. నవ్వలేదు. తర్వాత రెండు వారాలు మేం కనపడితే సందు మార్చి పోయాడు.

మాకైనా తెలిసి ఉండాల్సింది. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం ఎట్లా మునిగాయో ఈ గ్రూపులో చాలామందికి తెలుసు. మాలో ఇద్దరి ఇళ్లు ఆ నీళ్లలోనే ఉన్నయి. ఒంటిమీద బట్టతో గుట్ట ఎక్కాం. తర్వాత ఎవరో పుణ్యాత్ములు వ్యాన్‌లో పాత బట్టలు తెచ్చి మూట విప్పి కుప్ప పోశారు. ఏరుకోమన్నారు. అవసరం ఉంది కాబట్టి ఏరుకున్నాం. కానీ ఏరుకుంటున్నప్పుడు ఒకడు ఫోన్‌తో వీడియో తీశాడు. ఆ రోజు మా అమ్మ చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అది మాకు గుర్తుంది. గుర్తుండి కూడా అదే పని ఇంకో పిల్లాడికి చేశాం. ఇచ్చే వైపు నిలబడేసరికి మతిమరుపు వచ్చినట్టుంది.

ఫోటో తీసేశాం. మళ్లీ ఆ ఇంటికెళ్లి మామ్మతో "తప్పయిపోయింది మామ్మగారూ" అన్నాం. ఆవిడ కోప్పడలేదు. కొబ్బరి మట్టలు చీరుతూ చెప్పింది:

"బట్టల్లేక కాదు బాబూ. బళ్లో ఇచ్చినయి మూడు జతలున్నాయి. ఉతికేవోళ్లు లేక. నాకు మోకాళ్లు వంగవు. ట్యాపు నీళ్లొచ్చిన పూట తాగడానికీ వండడానికే సరి. ఆ బోరు నీళ్లలో ముంచితే గుడ్డ మరీ పాడైపోద్ది. ఆడికేమో చెయ్యి తిరగదు."

అన్నలూ, ఈ నాలుగు ముక్కల్లోనే మొత్తం ఉంది. మనందరం బట్టలు పంచాలనే అనుకుంటాం. బట్టలైతే ప్రభుత్వాలు ఎంతో కొంత ఇస్తానే ఉన్నయి. సమగ్ర శిక్షా కింద ఎనిమిదో తరగతి దాకా రెండు జతలకి పిల్లకి ఏడాదికి 600 రూపాయల లెక్కన కేంద్రం ఇస్తది. మన రాష్ట్రంలో 2020 అక్టోబర్లో విద్యా కానుక మొదలయ్యాక పదో తరగతి దాకా మూడు జతల గుడ్డ, బూట్లు, బెల్టు, బ్యాగు వచ్చినయి. ఇప్పుడు విద్యార్థి మిత్ర కిట్ పేరుతో వస్తున్నయి. గుడ్డ ఇచ్చి మనల్నే కుట్టించుకోమంటారు, కుట్టుకూలి టైలర్ అడిగినంత రాదు, అది వేరే బాధ. కానీ ఆ చొక్కా వారానికి ఆరు రోజులు శుభ్రంగా ఉండాలంటే నీళ్లు కావాలి, సబ్బు కావాలి, ఆరేసే చోటు కావాలి, ఉతికే చెయ్యి కావాలి. ఇవి ఏ కిట్‌లోనూ రావు. అమ్మ ఇంట్లో ఉంటే ఇవి ఉన్నట్టే ఎవరికీ కనపడవు. అమ్మ లేని ఇంట్లోనే కనపడతయి.

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో నెవార్క్ అనే ఊళ్లో వెస్ట్‌సైడ్ హైస్కూల్ ఉంది. అక్కడ ప్రిన్సిపాల్ అక్బర్ కుక్, పిల్లలు బడి ఎందుకు మానేస్తున్నారని చూస్తే, మాసిన బట్టలని తోటివాళ్లు ఏడిపించడం ఒక కారణమని తేలింది. 2018లో స్కూల్లోనే ఫుట్‌బాల్ ఆటగాళ్ల పాత గదిని ఉచితంగా బట్టలు ఉతుక్కునే గదిగా మార్చారు. అంత డబ్బున్న దేశంలోనూ పిల్లాడు బడి మానేసేది చొక్కా దగ్గరేనని తెలిసి, మా గదిలో చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. మనది వెనకబాటుతనమని సిగ్గుపడేవాళ్లం. ఇది కొండకీ కోనకీ సంబంధించింది కాదు, లేనితనానికి సంబంధించింది.

మెషీన్లు కొనే స్తోమత మాకు లేదు. కొన్నా ఈ నీళ్లకి అవి తుప్పు పడతయి. ముందు నీళ్ల సంగతి చూడాలనుకున్నాం. మొదటి సంవత్సరం కెమిస్ట్రీలో నీటి కాఠిన్యం అని ఒక పాఠం ఉంటది. మార్కుల కోసం బట్టీ పట్టాం, మా బకెట్లోనే ఆ పాఠం ఉందని అప్పుడు తట్టలేదు. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే సబ్బు వాటితో కలిసి కరగని ముద్ద అయిపోతది. మేం చూసిన విరిగిన పెరుగు అదే. సబ్బు మురికిని పట్టుకోడానికి ముందే నీళ్లు సబ్బుని పట్టేసుకుంటయి. అందుకే ఇట్లాంటి నీళ్లలో సబ్బు బిళ్ల కన్నా డిటర్జెంట్ పౌడర్ నయం. ముందుగా కొంచెం చాకలి సోడా కలిపి కాసేపు ఉంచితే కాల్షియం అడుక్కి దిగిపోతది, పైనీళ్లు వాడుకోవచ్చు. అయితే ఉప్పు మాత్రం సోడాతో పోదు. ఆఖరి జాడింపుకి మంచినీళ్లు ఉండాల్సిందే.

మంచినీళ్లు ఎక్కడంటే మామ్మే చూపించింది. ఇసక మేటల్లో మనిషి లోతు కూడా లేని గుంట. దొరువు అంటారు. వాననీళ్లు ఇసకలో ఇంకి, కింద ఉన్న బరువైన ఉప్పునీళ్ల మీద తేలినట్టు నిలబడతయి. పైపైన ముంచుకుంటే తియ్యటి నీళ్లు. ఆశపడి లోతు తవ్వినా, మోటారు పెట్టి లాగినా కింది ఉప్పు పైకొచ్చేస్తది. ఇంజనీరింగ్ చదివే మాకు ఈ విషయం చెప్పింది నిశాని మామ్మ.

దొరువు ఉన్న దొడ్డి వాళ్లని బతిమాలితే, మోటారు పెట్టకూడదు, సబ్బునీళ్లు గుంటలోకి పోకూడదు అనే షరతు మీద ఒప్పుకున్నారు. తలా 50 రూపాయలు వేసుకుని రెండు పెద్ద బేసిన్లు, రెండు బకెట్లు, బ్రష్షులు, పౌడర్ కొన్నాం. కొబ్బరితాడు ఊళ్లోనే దొరికింది. శనివారం సాయంత్రం నానబెట్టడం, ఆదివారం పొద్దున ఉతకడం. ఆ తర్వాత క్రికెట్.

ఒక్క నియమం ముందే పెట్టుకున్నాం: పిల్లల బట్టలు మేం ఉతకం. మా బట్టలు మేం తెచ్చుకుంటాం, వాళ్ల బట్టలు వాళ్లు తెచ్చుకుంటారు, అందరం ఒక్కచోట ఉతుక్కుంటాం. అప్పుడు ఎవరు ఎవరికి సాయం చేస్తున్నారో చూసేవాళ్లకి తెలీదు. మెడపట్టీ, చంకలు, చేతి అంచులు ముందు రుద్దాలని, చొక్కా తిరగేసి ఆరెయ్యాలని, పిండేటప్పుడు మెలితిప్పితే గుడ్డ చచ్చిపోద్దని పనిలో పనిగా చెప్పేవాళ్లం. ఆశ్రమ పాఠశాలలో మూడో తరగతి నుంచి మా బట్టలు మేమే ఉతుక్కున్నాం. జీవితంలో మొదటిసారి ఆ పనితనం ఎవరికైనా నేర్పే విద్య అయ్యింది.

మొదటి వారం ముగ్గురు వచ్చారు. ఎడంచేతి బౌలర్ రాలేదు. మూడో వారం చెల్లి బట్టలు ఉతకాలని సాకు చెప్పి వచ్చాడు. చెల్లి బట్టల కింద వాడి చొక్కాలు ఉన్నయి. మేం చూడనట్టే ఉన్నాం.

సంక్రాంతి సెలవలకి ఊరెళ్లినప్పుడు ఇంకో సంగతి జరిగింది. మా కొండరెడ్డి తమ్ముడి వాళ్లమ్మకి ఇదంతా చెప్తే, "సబ్బు విరిగితే కుంకుళ్లు పట్టుకుపోండి" అని సంచి నింపి ఇచ్చింది. మనం అడవిలో ఏరి సంతలో, జీసీసీలో అమ్మే కుంకుళ్లే. కుంకుడులో నురగనిచ్చే పదార్థం సబ్బు జాతి కాదు, కాల్షియంతో కలిసి ముద్దకట్టదు. కొట్టి, గింజ తీసి, రాత్రి నానబెట్టి, గుడ్డలో వడగట్టి పోస్తే ఆ బోరు నీళ్లలో కూడా నురగ వచ్చింది! పిల్లలు కేకలు. మరకలన్నీ పోయాయని అబద్ధం చెప్పం, గ్రీజు మరకకి పౌడరే దిక్కు. చిక్కగా పోస్తే లేత రంగు బట్టకి కొంచెం గోధుమ రంగు కూడా అంటింది. కానీ చెమట వాసన పోయింది, చొక్కా మెత్తబడింది. బౌలర్ మామ్మ చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "మా చిన్నప్పుడు పట్టుచీరలకి ఇదే పోసేవోళ్లం, మీ కొండల్నుంచే వచ్చేయి" అంది. ఎక్కడి కొండ, ఎక్కడి సముద్రం. మధ్యలో గోదావరి ఒక్కటే అనుకునేవాళ్లం, కుంకుడుకాయ కూడా ఉందన్నమాట.

ఆడపిల్లల సంగతి మాకు తట్టలేదు. మా కాలేజీలోనే చదివే మన అక్కలు ఇద్దరు తిట్టి చెప్పారు. ఆ పిల్లలు యూనిఫాం వరకే బయట ఆరేస్తున్నారు, లోపలి బట్టలు ఇంట్లో చీకటి మూల తలుపు వెనక ఆరేసుకుంటున్నారు. తడిగానే కట్టుకుంటున్నారు. దురదలు, పుండ్లు అక్కడినుంచే. ప్రభుత్వ బడుల్లో 7 నుంచి 12 తరగతుల అమ్మాయిలకి నెలకి 10 ప్యాడ్లు ఇచ్చే స్వేచ్ఛ కార్యక్రమం 2021లో వచ్చింది, అది మంచి పనే. కానీ ప్యాడ్ ఇచ్చినా లోదుస్తులు ఎండలో ఆరాలి కదా. అక్కలు పాత చీరలతో తడికలాగా కట్టి, పైన ఎండ పడేలా, పక్కనుంచి ఎవరికీ కనపడకుండా వేరే తాడు కట్టించారు. ఆ తాడు దగ్గరికి మేం వెళ్లం. మాకు తట్టని పని వాళ్లు చేశారు, అందుకే రాస్తున్నాం.

అన్నీ బాగా జరిగాయనుకోకండి. ఎండాకాలం దొరువు అడుగంటి ఆరు వారాలు ఆపేశాం. ఇద్దరు పిల్లలు మధ్యలో మానేశారు, ఒకడు రొయ్యల చెరువు మీద కాపలాకి పోయాడు, ఎంత చెప్పినా రాలేదు. మొన్న అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను వచ్చినప్పుడు తాళ్లు, తడికలు అన్నీ కొట్టుకుపోయినయి. తర్వాత ఎండ లేక బట్టలకి బూజు మచ్చలు పడ్డయి. మళ్లీ కట్టుకున్నాం.

ఇప్పుడు ఆ ముక్కు మూసుకోవడం సంగతి.

మాలో ఇద్దరం ఒకే ఆశ్రమ పాఠశాలలో చదివాం. ఎనిమిదో తరగతిలో మాతో ఒకడు ఉండేవాడు. వాడికి తల్లి లేదు, సెలవలకి ఇంటికి పోయినా సబ్బు కొనిచ్చేవాళ్లు లేరు. ఒకే జత. రాత్రి ఉతికి పొద్దున తడిదే తొడుక్కునేవాడు. ఒళ్లంతా తామర. వాడి పక్కన మంచం వద్దని వార్డెన్ గారికి చెప్పింది ఎవరో కాదు, మేమే. వాడు లైన్లో నిలబడితే ముక్కు మూసుకుంది కూడా మేమే. మా చొక్కాలు కూడా అంతంత మాత్రమే, అయినా మాకన్నా మాసినోడు ఒకడు దొరికేసరికి మేం తెల్లగా ఉన్నామనిపించింది. దసరా సెలవలకి వెళ్లిన వాడు తిరిగి రాలేదు. చదువు రాక మానేశాడని రాసుకున్నారు. లెక్కల్లో వాడు మాకన్నా ముందు. ఇప్పుడు ఏటా మిరపకాయ కోతలకి పోతున్నాడని విన్నాం.

ఓడలరేవులో చేసేది ఎంత చేసినా ఆ లెక్క సరిపోదు. తెలుసు. అయినా ఈ మాట దాచి పోస్టు పెడితే, మేమేదో మంచోళ్లమని మీరు మెచ్చుకుంటారు. అది వద్దు.

ఇక మన గ్రూపు వాళ్లకి అడిగేది. మనలో సగం మంది హాస్టళ్లలో ఉన్నాం, తమ్ముళ్లు చెల్లెళ్లు ఆశ్రమ పాఠశాలల్లో ఉన్నారు. చేతనైనంత చెయ్యండి:

1. బట్టలు పంచే ముందు అడగండి. జతలు లేవా, ఉతికే దారి లేదా? రెండూ వేరు వేరు కష్టాలు.

2. మీ తమ్ముళ్ల హాస్టల్లో కాస్మెటిక్ చార్జీలు చేతికి వస్తున్నాయా కనుక్కోండి. సబ్బు, నూనె కోసమే ఆ డబ్బు. తెలంగాణ వైపు వాళ్లకి 2024లో అవి 200 శాతం పెరిగినయి. పెరిగింది కాగితం మీదనా, సబ్బు పెట్టెలోనా చూడండి. గొడవ పడకుండా, పేరెంట్స్ మీటింగ్‌లో మర్యాదగా అడగండి. అడగడం మన హక్కే.

3. ఆరేసుకోడానికి ఎండ పడే తాడు ఉందా చూడండి. అమ్మాయిలకి చాటున్న తాడు వేరే ఉండాలి. పెద్ద ఖర్చు కాదు.

4. గజ్జి, తామర ఉంటే ఒక్కడికే మందు రాసి ఊరుకోవద్దు. పీహెచ్‌సీలో చూపించి, గదిలో అందరి బట్టలు, దుప్పట్లు ఒకే రోజు వేడినీళ్లలో ఉడకబెట్టి ఎండలో వెయ్యండి. లేకపోతే తిరిగొస్తది.

5. సెలవలకి వెళ్లినప్పుడు కుంకుళ్లు తెచ్చుకోండి. నురగ కళ్లలో పడకుండా చూసుకోండి, మండుద్ది.

6. ఫోటో తీయొద్దు. ఇది అన్నిటికన్నా ముందు రాయాల్సింది.

ఎడంచేతి బౌలర్ ఇప్పుడు పదో తరగతి. మార్చిలో పరీక్షలు. రోజూ వెళ్తున్నాడు అని చెప్పలేం, వేట నుంచి నాన్న వచ్చిన రోజు మానేస్తాడు. కానీ చొక్కా కోసం మానెయ్యట్లేదు. మొన్న ఆదివారం కొత్తగా వచ్చిన ఆరో తరగతి పిల్లాడికి మెడపట్టీ ఎట్లా రుద్దాలో వాడే చూపిస్తున్నాడు. కువైట్ నుంచి వాళ్లమ్మ వీడియో కాల్ చేస్తే ఫోన్ తాడు వైపు తిప్పి, ఆరేసిన బట్టలు వరసగా చూపించాడు. ఆవిడ ఏమందో మాకు వినపడలేదు. వాడు మాత్రం "నేనే ఉతికానమ్మా, నేనే" అన్నాడు రెండు సార్లు.

ఈ సంక్రాంతికి ఊరెళ్తాం. మిరప కోతలు మొదలయ్యే లోపు ఆ పాత స్నేహితుణ్ణి వెతకాలని మేం ఇద్దరం అనుకున్నాం. ఏం చెప్పాలో ఇంకా తెలీదు. ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టొచ్చని చెప్తాం. ముందు మాత్రం ముక్కు మూసుకున్నది మేమేనని చెప్తాం. వాడికి తెలుసు, అయినా చెప్పాలి.

తప్పులుంటే క్షమించండి. జై ఆదివాసీ.